నీళ్ల తేదీ మిరుగం లోపే చెప్పండి

గౌరవనీయులైన పెద్దపల్లి జిల్లా కలెక్టర్ గారికి,

సుల్తానాబాద్ నుంచి ఒక రైతు రాస్తున్న లేఖ.

నాకు మూడెకరాల తరి ఉంది. శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువ కింద సాగు. పొలం చూసుకుంటూనే ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి రైసు మిల్లులో గుమస్తాగా పనిచేశాను. అందుకని వడ్లను అమ్ముకునే చేతితోనూ చూశాను, కొనేవాళ్ల బల్ల దగ్గర నిలబడీ చూశాను. మీకు రాయాలనుకున్నది ఎండల గురించి, వానల గురించి. అయినా మొదలు వడ్ల గింజతోనే పెడతాను. మా ఊళ్లో కాలం మారిన సంగతి థర్మామీటరు కన్నా ముందు గింజే చెప్పింది.

మిల్లు ముందు లారీ ఆగగానే మేం చేసే మొదటి పని, సంచిలోంచి పిడికెడు తీసి అరచేతుల నడుమ నలిపి, పొట్టు ఊది, బియ్యం చూడటం. వానకాలం వడ్లయితే గింజ నిండుగా, గట్టిగా ఉంటుంది. యాసంగి వడ్లు, అందులో ఏప్రిల్ నెలాఖరుకు కోసినవైతే, గింజను వెలుతురుకు పట్టి చూస్తే నడుమ అడ్డంగా వెంట్రుకంత గీత కనపడుతుంది. ఆ గీత ఉన్న గింజ మరలో పడితే రెండు ముక్కలవుతుంది. పొలంలో పంట పండి నిలబడి ఉన్నప్పుడే ఆ గీత పడుతుంది. పగటి ఎండకు, వడగాలికి గింజలో తేమ ఒక్కసారిగా దిగిపోతుంది. తెల్లవారుజామున చల్లబడ్డప్పుడు మళ్లీ ఇంత తేమ పీల్చుకుంటుంది. పైపొర ఒక తీరుగా, లోపలి పిండి మరో తీరుగా సాగి ముడుచుకునే సరికి గింజ పగులుతుంది. కోత వారం పది రోజులు ఆలస్యమైనా, కల్లంలో సిమెంటు గచ్చు మీద మిట్టమధ్యాహ్నం ఆరబోసినా అదే జరుగుతుంది.

సుల్తానాబాద్‌లో ఇన్ని బాయిల్డ్ రైసు (ఉప్పుడు బియ్యం) మిల్లులు ఎందుకున్నాయని కొత్తగా వచ్చిన అధికారులు అడుగుతుంటారు. జవాబు ఈ పగులులోనే ఉంది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తే లోపలి పిండి ఉడికి అతుక్కుంటుంది, పగులు పూడిపోతుంది, మరలో గింజ నిలుస్తుంది. ఎండాకాలం పంటను కాపాడుకోవడానికి మా ఊరు నేర్చుకున్న ఉపాయం అది. ఊరి చుట్టూ ఊక పొయ్యిల పొగ గొట్టాలు లేచింది అందుకే.

ఆ ఉపాయానికి 2021లో దెబ్బ తగిలింది. యాసంగి ఉప్పుడు బియ్యం ఇక తీసుకోలేమని కేంద్రం చెప్పింది. వరి వేయొద్దని ఇక్కడ మాకు చెప్పారు. 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో అప్పటి ముఖ్యమంత్రి ధర్నాకు కూర్చున్నారు. ఆ రాజకీయం నా విషయం కాదు. ఆ గొడవ అంతా నడిచినన్ని రోజులూ ఒక లెక్క మాత్రం అందరి నోటా తిరిగింది. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, అందులో నూక 25 శాతం మించకూడదు. యాసంగి వడ్లను పచ్చిగా మర పట్టిస్తే కొన్నిసార్లు సగం కూడా నిండు గింజ నిలవదు. దాన్ని అప్పుడు అందరూ మిల్లర్ల లెక్కగా, ఎఫ్‌సీఐ లెక్కగా చూశారు. అది ఎండ లెక్క అని నేను ఆనాటి నుంచీ చెబుతున్నాను. ఇప్పుడు సన్న వడ్లకు 500 రూపాయల బోనస్ వచ్చింది, 2025 ఉగాది నుంచి రేషను దుకాణాల్లో సన్న బియ్యం ఇస్తున్నారు. పిల్లలు అన్నం ఇష్టంగా తింటున్నారు, సంతోషం. కాని సన్న గింజ మరీ నాజూకు. ఏప్రిల్ ఎండకు లావు గింజ పగిలే చోట సన్న గింజ ముక్కలు చెక్కలవుతుంది. సన్నాలు పెరిగేకొద్దీ ఈ సమస్య పెరుగుతుందే గాని తగ్గదు.

ఇక ఎండ సంగతి. రామగుండం పేరు వేసవి వార్తల్లో ఎప్పుడూ ముందుంటుంది. సముద్రానికి దూరం, ఉత్తరాన రాజస్థాన్ నుంచి విదర్భ మీదుగా వచ్చే పొడిగాలి, రాతి నేల. కనుక ఇక్కడ ఎండలు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాతలు ఊరికే అనలేదు. కాని ఆ రోళ్లు పగిలే ఎండ ఇప్పుడు రోహిణి దాకా ఆగడం లేదు. 2024 మే మొదటి వారంలోనే, అంటే రోహిణికి మూడు వారాల ముందే, మన జిల్లాలోనూ పక్కన జగిత్యాల, కరీంనగర్‌లలోనూ 46 డిగ్రీలు దాటిన చోట్లు ఉన్నాయి. ఆ ఏడాదే దేశంలో 1901 నుంచి లెక్కలున్న కాలమంతటిలోకీ వేడైన సంవత్సరమని వాతావరణ శాఖ ప్రకటించింది. ప్రపంచం మొత్తానికీ అదే అత్యంత వేడి ఏడాది. మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదికలో రాసింది. ముప్పావు డిగ్రీ కూడా లేదు కదా అనిపిస్తుంది. ఒంట్లో జ్వరం డిగ్రీ పెరిగితే మనిషి మంచం పడతాడు. గింజకు కూడా అలాంటి గీతలున్నాయి. వరి పూత దశలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి తాలు ఎక్కువవుతుంది.

పగటి ఎండనే అందరూ కొలుస్తారు, రాత్రిని ఎవరూ పట్టించుకోరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 1992 నుంచి 2003 దాకా తమ పొలాల దిగుబడి లెక్కలు దగ్గర పెట్టుకుని చూస్తే, ఎండాకాలం పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి పదో వంతు తగ్గినట్టు తేలింది. పగలు చేసుకున్న ఆహారాన్ని వేడి రాత్రిలో మొక్క తన ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది, గింజకు మిగిలేది తక్కువ. మార్చి రాత్రుల్లో పొలం గట్టు మీద దుప్పటి కప్పుకుని నీళ్లు కట్టిన మనుషులం మేము. ఇప్పుడు మార్చిలో దుప్పటి తీసే పని పెద్దగా పడటం లేదు.

వాన గురించి చెప్పాలంటే ముందు 'సాధారణం' అనే మాట గురించి చెప్పాలి. సీజన్ వర్షపాతం సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ దాన్ని సాధారణం అంటుంది. వాళ్ల పనికి ఆ గీత అవసరమే, తప్పు పట్టను. కాని జిల్లా సమీక్షలో ఆ ఒక్క మాట చదివి ముందుకు పోవడం ఉంది చూశారా, దానితోనే నా పేచీ.

2023ను గుర్తు చేసుకోండి. మిరుగం (మృగశిర కార్తె) నాడు చేపలు తిని మబ్బు కోసం చూశాం. రుతుపవనాలు వచ్చేసరికి జూన్ మూడో వారం దాటింది. నార్లు ముదిరాయి. తర్వాత జులై నెలాఖరులో ఆకాశానికి చిల్లు పడింది. జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. రాష్ట్రంలో ఏడాది మొత్తానికి సగటున పడేదే 900 పైచిలుకు. అంతకుముందు రికార్డు 2013 జులైలో వాజేడుది, 517.5. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మీద పడింది. ఆ వానకు తడిసిన నేల ఆరకముందే ఆగస్టు వచ్చింది, దేశంలో 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు. పొట్ట దశకు వచ్చే ముందు పొలాలు నెర్రెలు బారాయి. ఇన్ని జరిగాక సెప్టెంబరు ఆఖరుకు లెక్క కడితే రాష్ట్రం 'సాధారణం' గీతల మధ్యనే నిలిచింది. కొట్టుకుపోయిన మడికీ, ఎండిపోయిన మడికీ సగటు తీస్తే పచ్చని మడి వస్తుందా సార్?

దీనికి కారణం పెద్ద చదువులు లేకపోయినా అర్థమయ్యేదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అంటే వాన పడటానికి ఎక్కువసేపు ఆగుతుంది, పడ్డప్పుడు ఒక్కపెట్టున కుమ్మరిస్తుంది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు మించిన వానలు 1950 నుంచి 2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయని, అదే కాలంలో దేశం మొత్తం మీద వానకాలపు వర్షపాతం ఆరు శాతం దాకా తగ్గిందని ఆ 2020 నివేదికే చెప్పింది. మా చిన్నతనంలో ముసురు పడితే మూడు రోజులు, ఐదు రోజులు వదిలేది కాదు. పశువులు కొట్టంలో, మనుషులు ఇంట్లో, పొయ్యి మీద మక్కలు. ఆ ముసురే చెరువులను మెల్లగా నింపేది, బావుల్లో ఊట పెంచేది. కుండపోతకు వచ్చిన నీరు భూమిలోకి దిగదు, మత్తడి దూకి మానేరులో కలిసి గోదారి చేరుతుంది.

కడెం సంగతి మీకు తెలిసే ఉంటుంది. గేట్లన్నీ ఎత్తినా ఆ ప్రాజెక్టు దాదాపు 3 లక్షల క్యూసెక్కులే వదలగలదు, 2022 జులైలో వచ్చిన వరద 5 లక్షలు దాటింది. ఆ రాత్రి కట్ట నిలవడం దేవుడి దయ అని జనం అనుకున్నారు. అదే వరదకు కింద మన జిల్లాలో మంథని మునిగింది. పాత వానల లెక్క చూసి కట్టిన గేట్లు అవి. కొత్త వానలు ఆ లెక్క ఒప్పుకోవు.

ఇదంతా ఎందుకు జరుగుతోందని ఊళ్లో అడిగితే ఎక్కువమంది బొగ్గు గనుల వైపు చేయి చూపిస్తారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఓపెన్‌కాస్టు గుంతల దగ్గర, గని పట్టణాల్లో వేడి ఎక్కువే, అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. కాని బొగ్గు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడు రామగుండం మీదే కూర్చోదు, భూగోళమంతా కలుస్తుంది. ఎక్కడెక్కడి బొగ్గో, పెట్రోలో కాలిన ఫలితం మన మీద పడుతోంది, మన బొగ్గు ఫలితం అందరి మీదా పడుతోంది. రామగుండంలో 2,600 మెగావాట్ల పాత కేంద్రం, దాని పక్కన 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం. ఎన్నో ఇళ్లకు దీపమిచ్చిన జిల్లా ఇది. సింగరేణి జీతంతో బతికిన ఇళ్లు మా బంధువర్గంలోనే ఉన్నాయి. కనుక రేపే గనులు మూయండని నేను రాయలేను, రాస్తే అబద్ధమవుతుంది. కరెంటు కోసం తన నేలను, గాలిని ఇచ్చిన జిల్లాకు ఈ మారిన కాలంలో బతికే దారి చూపించే బాధ్యత మాత్రం అందరి మీదా ఉంది.

ఆ దారి ఒకటి మన చేతిలోనే ఉంది. యాసంగిని ముందుకు జరపడం.

2023 మార్చిలో, మళ్లీ ఏప్రిల్‌లో, మే మొదట్లో రాళ్ల వానలు పడ్డాయి. కోతకు వచ్చిన చేలలో గింజ రాలి నేల మీద పసుపు పచ్చగా పరుచుకుంది. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కరీంనగర్ జిల్లా రామడుగు దాకా వచ్చి చూసి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు. మే నెలలో కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు తడిశాయి. ఆ ఏడాది ఒక కేంద్రంలో నా వడ్లు పదకొండు రోజులు కాంటా కోసం ఎదురుచూశాయి. తేమ 17 శాతానికి దిగిందని యంత్రం చూపించిన రోజు సాయంత్రమే గాలి దుమారం లేచింది. తాటిపత్రులు ఎగిరిపోయాయి. మూడో రోజు కుప్పలో చెయ్యి పెడితే వేడిగా ఉంది, అడుగున మొలకలు వచ్చాయి. నా భార్య ఆ మొలకలను ఏరుతూ కూర్చుంది. ఏరితే పోయేవి కావని ఇద్దరికీ తెలుసు.

నిజామాబాద్ వైపు బోధన్, బాన్సువాడ రైతులు ఏటా మనకన్నా ముందే నాట్లు వేసి ముందే కోస్తారు. ఆ రాళ్ల వానల తర్వాత ప్రభుత్వమే వాళ్లను చూపించి, మార్చి ఆఖరుకు యాసంగి కోతలు అయిపోవాలని చెప్పింది. మంచి మాట. ముందు కోస్తే రాళ్ల వానా తప్పుతుంది, ఏప్రిల్ ఎండకు గింజ పగలడమూ తగ్గుతుంది. హమాలీ 45 డిగ్రీల్లో బస్తా మోసే రోజులూ తగ్గుతాయి. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువ మంది మాలాంటి ఎండన పడి పనిచేసే వాళ్లే. 2025లో వడదెబ్బను రాష్ట్రం విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి ఇంటికి 4 లక్షలు ఇస్తామంది. ఆ నాలుగు లక్షలు ఏ ఇంటికీ అవసరం పడకుండా చూడాలంటే కోత కాలాన్ని ఎండ దారిలోంచి తప్పించాలి.

మరి రైతులు ఎందుకు జరపలేదు? మొండితనం వల్ల కాదు. మార్చి చివర కోయాలంటే నవంబరు రెండో వారంలో, విశాఖ కార్తెలో, నారు పోయాలి. ఆ నారు డిసెంబరు చలిలో పెరగాలి. కరీంనగర్, ఆదిలాబాద్ చలి మీకు కొత్తయితే ఒక తెల్లవారుజామున మా మడికట్ల మీదికి రండి. చలికి నారు ఎర్రబడుతుంది, ఎదగదు. రాత్రి పాలిథిన్ షీటు కప్పి పొద్దున తీయడం, చల్లబడ్డ నీళ్లు తెల్లవారి తీసేసి కొత్త నీళ్లు పెట్టడం, ఇవన్నీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పినవే. చేయగలం. కాని కొత్త నీళ్లు పెట్టడానికి కాలువలో నీళ్లుండాలి కదా. యాసంగి నీళ్లు మాకు డిసెంబరు ఆఖరునో సంక్రాంతి ముందో అందుతాయి. బోరున్నవాడు ముందు పోసుకుంటాడు. కాలువనే నమ్ముకున్నవాడు, అందులో చివరి ఆయకట్టువాడు, నీళ్లు వచ్చాకే కదులుతాడు. వాడి కోత ఏప్రిల్ నెలాఖరుకు పోతుంది. ఎండ, రాళ్లు, మొలకలు అన్నీ వాడి వంతుకే వస్తాయి.

ఇంకో చిక్కుంది, దాచకుండా చెబుతాను. నవంబరులో నారు పోయాలంటే వానకాలం పంట అక్టోబరులో కోయాలి. 150 రోజుల రకం వేసిన మడి నవంబరు చివరికి గాని ఖాళీ కాదు. 125 రోజుల లోపు రకాలు వేయాలి. అవి మనకు లేక కాదు. కాల్వ శ్రీరాంపూర్ మండలంలోని కూనారం పరిశోధన స్థానం ఇచ్చిన కూనారం సన్నలు అలాంటివే, మన జిల్లా ఊరి పేరున్న విత్తనం. కాని అక్టోబరు కూడా ఇప్పుడు నమ్మదగ్గ నెల కాదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటితే మర్నాడు వరంగల్, హన్మకొండ, కరీంనగర్ తడిసి ముద్దయ్యాయి. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో వడ్లు వరదలో కొట్టుకుపోయాయి. అంటే మాకు దొరికే సందులు రెండే, అవీ చాలా చిన్నవి: రుతుపవనాలు వెనక్కి పోయే అక్టోబరు నడుమ నుంచి తుపాన్లు వచ్చే నెలాఖరు దాకా ఒకటి, మార్చి చివరి పది రోజులు మరొకటి. ఆ సందుల్లో పంట పడాలంటే నాటు రోజును జూన్‌లోనే లెక్కగట్టుకోవాలి. ఒక్కో రైతు విడివిడిగా చేయగల లెక్క కాదు ఇది. ఒక కాలువ కింద అందరూ కలిసి చేయాల్సింది.

అందుకే మీకు రాస్తున్నాను. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే, కొనుగోలు కేంద్రాలు తెరిచేది మీరే, నీటిపారుదల వాళ్లను, వ్యవసాయ శాఖను ఒక బల్ల ముందు కూర్చోబెట్టగలిగేదీ మీరే. మొదటి విన్నపం, యాసంగి నీళ్ల తేదీ మిరుగం లోపే చెప్పించండి. శ్రీరాంసాగర్‌లో ఎన్ని నీళ్లు ఉంటాయో జూన్‌లో ఎవరికీ తెలియదని ఇంజినీర్లు అంటారు, అది నిజమే. అయితే రెండు తేదీలు చెప్పమనండి. ప్రాజెక్టు నిండితే ఫలానా రోజు, సగమే నిండితే ఫలానా రోజు, అప్పుడు ఇన్ని ఎకరాలకే. చివరి ఆయకట్టుకు ముందు వంతు. నారుమడి కోసం నవంబరులో ఒక్క తడి వదిలినా చాలామంది ముందు కదులుతారు. కేంద్రాలు ఏప్రిల్ నడుమ కాకుండా మార్చి మూడో వారానికే తెరిచి, గోనె సంచులు, తేమ యంత్రాలు అప్పటికే అక్కడ ఉండాలి. ముందు కోసినవాడు కేంద్రం తెరిచేదాకా కల్లంలో కాపలా కాస్తే, మరుసటి ఏడు ఎవరి మాటా వినడు.

రెండో విన్నపం చిన్నదే, ఖర్చు లేనిది. ప్రతి మండలంలో వాన, ఎండ కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. ఆ అంకెలు హైదరాబాద్ వెళ్లి కంప్యూటర్లలో ఉంటున్నాయి. వాటిని నెలనెలా తెలుగులో గ్రామపంచాయతీ గోడ మీద రాయించండి. సగటు ఒక్కటే కాదు: ఎన్ని రోజులు వాన పడింది, వానకూ వానకూ మధ్య ఎన్ని పొడి రోజులు పోయాయి, ఒక్క రోజులో అన్నిటికన్నా ఎక్కువ పడింది ఎంత, రాత్రి ఎంతకు చల్లబడింది. మా ఊళ్లో పదో తరగతి పిల్లవాడు ఆ నాలుగు వరుసలు చూసి రైతుకు చెప్పగలడు.

మూడోది నా మిల్లు చాకిరీ నేర్పింది. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చినప్పుడు కోసిన తేదీ, రకం, మర పట్టాక వచ్చిన నూక, ఈ మూడూ ఒక పుస్తకంలో రాయించండి. మా పట్టణంలోని మిల్లులన్నీ ఒక్క సీజను ఇలా రాస్తే, ఏ వారం కోస్తే గింజ నిలుస్తుందో, ఏ రకం ఎండకు తట్టుకుంటుందో తేలిపోతుంది. ఆ పుస్తకాలు కూనారం శాస్త్రవేత్తల చేతికిస్తే మిగతాది వాళ్లు చూస్తారు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో నా సొంతానికి అలాంటి లెక్క కొంత రాసుకున్నాను. రెండు పాత ఖాతా పుస్తకాలు, చెదలు కొట్టకుండా బీరువాలో ఉన్నాయి. పిలిస్తే పట్టుకొస్తాను.

ఈ లేఖ రాస్తున్నది రోహిణి కార్తెలో. ఇంకో పది రోజుల్లో మిరుగం. వానకాలానికి 125 రోజుల విత్తనం కొనాలా, 150 రోజులది కొనాలా అని మా వాడకట్టులో అందరూ అడుగుతున్నారు. విత్తనాల దుకాణం ముందు రేపటి నుంచి గుంపు మొదలవుతుంది. ఒకసారి సంచి కొన్నాక మనసు మార్చుకునేది లేదు. యాసంగి నీళ్ల తేదీ మిరుగం లోపల తెలిస్తే ఏ సంచి కొనాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
కాలువ చివరి ఆయకట్టు రైతు,
సుల్తానాబాద్, పెద్దపల్లి జిల్లా